సౌత్ ఏషియా టెర్రరిజం పోర్టల్: ఈ రంగంలో ఉద్యోగం కోరుకునేవారికి ఎంతవరకు పనికొస్తుంది?

దక్షిణాసియా భద్రత మీద పరిశోధన చేయదలచినవారైనా, విదేశాంగ సర్వీసును మనసులో పెట్టుకుని సివిల్స్‌కు చదువుతున్నవారైనా, చదువు మొదలుపెట్టిన కొద్దికాలానికే ఒక వెబ్‌సైట్ దగ్గరికి చేరతారు. దాని పేరు సౌత్ ఏషియా టెర్రరిజం పోర్టల్. ఈ రంగంలో ఉన్నవాళ్లందరూ ఎస్‌ఏటీపీ అనే అంటారు. ఢిల్లీలోని ఇన్‌స్టిట్యూట్ ఫర్ కాన్‌ఫ్లిక్ట్ మేనేజ్‌మెంట్ అనే లాభాపేక్ష లేని సంస్థ 2000లో దీన్ని మొదలుపెట్టింది. ఛత్తీస్‌గఢ్‌లో ఈ ఏడాది ఎంతమంది మావోయిస్టులు చనిపోయారు, బలూచిస్థాన్‌లో ఎన్ని దాడులు జరిగాయి, మణిపూర్‌లో మృతుల సంఖ్య ఎంత అని పత్రికలు రాసేటప్పుడు ఆ అంకెలు చాలాసార్లు ఇక్కడి నుంచే వస్తాయి. ఈ పనినే వృత్తిగా తీసుకోవాలనుకునే విద్యార్థి దీన్ని ఎలా వాడుకోవాలి, ఎక్కడ ఆగి ఆలోచించాలి అన్నదే ఈ సమీక్షలో చూడదలచాను. నా అభిప్రాయం ముందే చెబుతాను: పని నేర్చుకోవడానికి ఇంతకు మించిన ఉచిత సాధనం మన ఉపఖండంలో నాకు కనిపించలేదు, అయితే ఇందులోని అంకెను తుదిమాటగా తీసుకుని వ్యాసం రాసేవారు పరిశోధకులు కాలేరు.

మొదట ఇందులో ఏముందో చూద్దాం. భారత్, పాకిస్థాన్, బంగ్లాదేశ్, శ్రీలంక, నేపాల్ వంటి దేశాలకు వేర్వేరు విభాగాలున్నాయి. భారత్ విభాగంలో మళ్లీ జమ్మూ కశ్మీర్, ఈశాన్య రాష్ట్రాలు, పంజాబ్, వామపక్ష తీవ్రవాద ప్రాంతాలు అని విడివిడి పుటలున్నాయి. ప్రతి చోటా ఏడాదివారీ మృతుల పట్టిక ఉంటుంది. కొత్త సైటులోని పట్టికలు 2000 మార్చి నుంచి మొదలవుతాయి. పౌరులు, భద్రతా సిబ్బంది, ఉగ్రవాదులు లేదా తిరుగుబాటుదారులు, ఎవరన్నది తేలనివారు అన్న నాలుగు గళ్లు, చివర మొత్తం. ఏడాది మీద నొక్కితే నెలలు, నెలల కింద ఘటనలు, ఒక్కో ఘటనకు తేదీతో పాటు రెండు మూడు వాక్యాల వివరణ. మృతుల లెక్కలే కాక అరెస్టులు, లొంగుబాట్లు, ఆయుధాల స్వాధీనం, పేలుళ్లు, ఆత్మాహుతి దాడులు, అపహరణలు కూడా వేరు వేరు పట్టికలుగా దొరుకుతాయి. ముగ్గురు లేదా అంతకంటే ఎక్కువమంది చనిపోయిన ఘటనలను ప్రధాన ఘటనలుగా విడిగా జాబితా చేస్తారు. వీటికి తోడు సంస్థల పరిచయాలు, కాలక్రమ పట్టికలు, చట్టాల పాఠాలు, ఒప్పందాల పాఠాలు ఉన్నాయి. వీటిలో దేనికీ పైసా కట్టనక్కర్లేదు.

విద్యార్థులు ఎక్కువగా ఏడాదివారీ పట్టిక దగ్గరే ఆగిపోతారు. నా దృష్టిలో ఈ సైటుకున్న అసలు విలువ ఆ పట్టికలో కంటే దాని కింద ఉన్న ఘటనల వరుసలో ఉంది. ఒక జిల్లాను, ఒక ఏడాదిని ఎంచుకుని ఆ ఘటనలన్నీ మొదటి నుంచి చివరి దాకా చదివితే, ఏ నెలలో ఘర్షణ పెరుగుతుందో, ఏ రహదారి పొడవునా మందుపాతరలు దొరుకుతున్నాయో, లొంగుబాట్ల ప్రకటనలు ఏ కార్యక్రమానికి ముందు గుంపుగా వస్తున్నాయో మెల్లగా కనిపించడం మొదలవుతుంది. ఆ వాక్యాలను తేదీ, స్థలం, చనిపోయినవారు, చంపినవారు, సమాచారం ఇచ్చినవారు అన్న గళ్లలోకి ఎక్కించుకునే పని మనదే. విసుగు పుట్టించే పని అది. అయినా పరిశోధనా సంస్థల్లో చేరిన కొత్తవారికి మొదటి నెలల్లో అప్పగించేది దాదాపు ఇదే కాబట్టి, ఇంటి దగ్గర ఉచితంగా సాధన చేసుకునే అవకాశాన్ని వదులుకోవడం తెలివైన పని కాదు.

ఇక ఆగి ఆలోచించాల్సిన చోట్లకు వస్తాను. సంస్థ తన పట్టికల కింద తానే ఒక మాట రాస్తుంది: ఇవి వార్తా కథనాల నుంచి సేకరించినవి, తాత్కాలికమైనవి. ఆ చిన్న అక్షరాల వాక్యాన్ని చదవనివారే ఎక్కువ. పత్రికలో రానిది పట్టికలోకి రాదు, పత్రికకు పోలీసు ప్రకటన ఒక్కటే ఆధారమైతే పట్టికకూ అదే ఆధారం. ఈ సంస్థను 1997లో స్థాపించింది పంజాబ్ మాజీ డీజీపీ కె.పి.ఎస్. గిల్, దశాబ్దాలుగా నడిపిస్తున్నది అజయ్ సాహ్నీ. తిరుగుబాట్లను ప్రధానంగా శాంతిభద్రతల సమస్యగా, పోలీసు సామర్థ్యం సమస్యగా చూసే దృష్టి వారిది, దాన్ని వారు ఎన్నడూ దాచుకోలేదు. అదే సమయంలో కేంద్ర ప్రభుత్వ విధానాలను, గొప్పగా ప్రకటించి అమలుకు నోచుకోని భద్రతా పథకాలను ఈ సంస్థ రచయితలు ఘాటుగా విమర్శించిన సందర్భాలు చాలా ఉన్నాయి. అందుచేత దీన్ని సర్కారు గొంతు అని తోసిపుచ్చడం అన్యాయం. పోలీసు అధికారి కిటికీలోంచి చూసిన లోకం అని గుర్తుంచుకుంటే చాలు.

అంకెలు ఏవి కలుపుతున్నాయి, ఏవి కలపడం లేదు అన్నది ఈ వృత్తిలో మొదటి పరీక్ష. ఒక ఉదాహరణ చెబుతాను. వామపక్ష తీవ్రవాదం వల్ల మరణాలు 2010లో 1,005 ఉండగా 2024 నాటికి 150కి తగ్గాయని కేంద్ర హోం శాఖ చెబుతుంది. ఈ అంకెల్లో తప్పేమీ లేదు. అయితే అవి పౌరుల, భద్రతా సిబ్బంది మరణాలు మాత్రమే. అదే 2024లో 290 మంది మావోయిస్టులను మట్టుబెట్టామని అదే శాఖ మరో చోట చెప్పింది. రెండూ కలిపితే ఆ ఏడాది చనిపోయినవారు 440 మంది దాకా తేలతారు. మొదటి అంకె మాత్రమే చూసినవారికి ఘర్షణ చల్లారిపోతున్నట్టు, రెండోది మాత్రమే చూసినవారికి ఉధృతమైనట్టు అనిపిస్తుంది. ఎస్‌ఏటీపీ పట్టికలో మూడు వర్గాలూ పక్కపక్కనే ఉంటాయి గనుక ఈ తికమక తగ్గుతుంది. హోం శాఖ వార్షిక నివేదికను, ఈ పట్టికను పక్కపక్కన పెట్టుకుని తేడా ఎక్కడ వస్తోందో రాసుకోవడం కంటే మంచి అభ్యాసం కొత్తవారికి నేను సూచించలేను.

మృతుణ్ణి ఏ గడిలో వేయాలన్నది అంతకంటే కష్టమైన ప్రశ్న, తెలుగు నేల మీద ఈ ప్రశ్నకు సుదీర్ఘ చరిత్ర ఉంది. 2010 జులైలో ఆదిలాబాద్ అడవుల్లో మావోయిస్టు నాయకుడు ఆజాద్‌తో పాటు హేమచంద్ర పాండే చనిపోయారు. ఎదురుకాల్పుల్లో చనిపోయిన ఇద్దరూ మావోయిస్టులేనని పోలీసులు అన్నారు. పాండే పాత్రికేయుడని, ఇద్దరినీ పట్టుకుని కాల్చారని కుటుంబ సభ్యులు, హక్కుల సంఘాలు అన్నాయి. సుప్రీంకోర్టు సీబీఐ దర్యాప్తుకు ఆదేశించింది. అది ఎదురుకాల్పులేనని సీబీఐ నివేదించింది. ఈ మొత్తం కథలో ఒక్కో దశలో ఒక్కో గడి సరైనదిగా కనిపిస్తుంది. పట్టికకు ఇంత ఓపిక ఉండదు, అది ఏదో ఒక గడిలో ఒకటి అని వేసి ముందుకు సాగుతుంది. ఆ ఒకటి వెనక ఎంత వివాదం ఉందో చెప్పడం పరిశోధకుడి పని.

చనిపోయినవారి సంగతి తేలిన చోట కూడా చంపినవారి సంగతి తేలకపోవచ్చు. 2007 మే 18న హైదరాబాద్ మక్కా మసీదులో జరిగిన పేలుడునే తీసుకోండి. పేలుడులో తొమ్మిది మంది, ఆ తర్వాత పోలీసు కాల్పుల్లో ఐదుగురు చనిపోయారు. మొదట అనుమానం హుజీ (హర్కతుల్ జిహాద్ అల్ ఇస్లామీ) అనే ఉగ్రవాద సంస్థ మీదకు వెళ్లింది, పాతబస్తీ యువకులను పట్టుకున్నారు, తర్వాత వారు నిర్దోషులుగా బయటపడ్డారు. సీబీఐ, ఆ తర్వాత ఎన్‌ఐఏ పూర్తిగా వేరే దిశలో, వేరే నిందితుల మీద కేసు నడిపాయి. 2018 ఏప్రిల్‌లో ఆ నిందితులూ నిర్దోషులని ప్రత్యేక న్యాయస్థానం తీర్పు చెప్పింది. వార్తల ఆధారంగా ఏ రోజుకారోజు రాసుకుంటూ పోయే ఏ కాలక్రమ పట్టికలోనైనా ఇలాంటి కేసుల్లో మొదటి వారపు కథనం బలంగా, పదకొండేళ్ల తర్వాతి తీర్పు బలహీనంగా నమోదవుతుంది. ఆ లోపం ఎస్‌ఏటీపీకి మాత్రమే ప్రత్యేకమైనది కాదు. ఎవరు చేశారన్న గడిని మాత్రం ఏ ఘటనకైనా న్యాయస్థానం రికార్డుతో సరిచూసుకోకుండా వాడకూడదు. పోలీసు కాల్పుల్లో చనిపోయిన ఆ ఐదుగురినీ ఉగ్రవాద మృతుల్లో లెక్కించాలా వద్దా అన్నది ఇప్పటికీ నేను తరగతిలో అడిగితే గంటసేపు చర్చ నడిచే ప్రశ్న.

శ్రీలంక విభాగం ఇంకో హెచ్చరిక. యుద్ధం ముగిసిన 2009కి ఈ పట్టికలో పౌరుల మరణాలు 11 వేల పైచిలుకుగా ఉంటాయి. ఆ ఏడాది మొదటి నెలల్లో స్వతంత్ర పాత్రికేయులను యుద్ధప్రాంతంలోకి రానివ్వలేదు. 2011లో వెలువడిన ఐక్యరాజ్యసమితి నిపుణుల బృందం నివేదిక మాత్రం 40,000 మంది వరకు పౌరులు చనిపోయి ఉండవచ్చని విశ్వసనీయ వర్గాలు అంచనా వేసినట్టు పేర్కొంది. వార్తల మీద ఆధారపడే పద్ధతి వార్తలే లేని చోట ఎంత తక్కువ చూపగలదో ఇంతకంటే స్పష్టంగా చెప్పే సందర్భం దక్షిణాసియాలో మరొకటి లేదు. శ్రీలంక మీద పరిశోధన చేయాలనుకునేవారు ఈ ఒక్క ఏడాది మీద ఎన్ని అంచనాలున్నాయో, ఒక్కోదాని పద్ధతి ఏమిటో రాసుకుంటే అదే ఒక అధ్యాయం అవుతుంది.

తెలుగు విద్యార్థికి ఇక్కడే ఒక పెద్ద సానుకూలత ఉంది, దాన్ని మనవాళ్లు తగినంతగా గుర్తించడం లేదని నా ఫిర్యాదు. ఇలాంటి సైట్లు ఎక్కువగా ఆంగ్ల పత్రికల మీద నడుస్తాయి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, దండకారణ్య సరిహద్దుల వార్తలు ఆంగ్ల పత్రికలో నాలుగు వరుసలుగా వస్తే, తెలుగు దినపత్రికల జిల్లా ఎడిషన్లలో అదే ఘటన సగం పేజీ ఆక్రమిస్తుంది. గ్రామం పేరు, చనిపోయినవారి ఊరు, బంధువుల మాట, మండల విలేఖరి సొంతంగా చూసిన సంగతులు అందులో ఉంటాయి. 1989లో నక్సలైట్లను ఎదుర్కొనే ప్రత్యేక పోలీసు దళం గ్రేహౌండ్స్ ఏర్పడిన నాటి నుంచి, 2003 అక్టోబరులో అలిపిరి దాడి మీదుగా, 2004 అక్టోబరులో హైదరాబాద్‌లో ప్రభుత్వానికీ నక్సలైట్లకూ మధ్య జరిగిన చర్చల దాకా జరిగినదాన్ని లోతుగా తెలుసుకోవాలంటే తెలుగులోనే చదవాలి. ఆ చర్చలకు దారి వేసినవారిలో ముఖ్యులు విశ్రాంత ఐఏఎస్ అధికారి ఎస్.ఆర్. శంకరన్ నాయకత్వంలోని పౌర స్పందన వేదిక సభ్యులు. మృతుల పట్టికలు తయారుచేసే సైటులో అలాంటి ప్రయత్నాలకు గడి ఉండదు. చంపుకోవడం ఎన్ని నెలలు ఆగిందో కూడా లెక్కకు అందే విషయమే అయినా, ఎందుకు ఆగిందో, మళ్లీ ఎందుకు మొదలైందో పట్టిక చెప్పదు. 2025 మేలో నారాయణపూర్ అడవుల్లో చనిపోయిన మావోయిస్టు పార్టీ ప్రధాన కార్యదర్శి నంబాళ్ల కేశవరావు శ్రీకాకుళం జిల్లా మనిషి, వరంగల్ ఇంజినీరింగ్ కళాశాలలో చదువుకున్నవాడు. ఆ జీవితాన్ని అర్థం చేసుకోవడానికి కావలసిన మూలాధారాల్లో అధిక భాగం తెలుగులో ఉన్నాయి. ఢిల్లీ సంస్థల్లో వాటిని నేరుగా చదవగలిగినవారు కొద్దిమందే. ఉద్యోగ దరఖాస్తులో భాషల వరుసలో తెలుగు అని మొహమాటంగా రాసి వదిలేయకుండా, దాన్ని ఒక పరిశోధనా నైపుణ్యంగా చూపుకోవచ్చు.

పాకిస్థాన్ విభాగం విస్తారంగా ఉంది. రోజువారీ నమోదు బాగుంటుంది కూడా. అయితే అక్కడ సైన్యం ప్రచార విభాగం మాట, సాయుధ సంస్థల మాట మధ్య దూరం చాలా ఎక్కువ. 2025 మార్చిలో బలోచ్ లిబరేషన్ ఆర్మీ జాఫర్ ఎక్స్‌ప్రెస్‌ను ఆపి ప్రయాణికులను బందీలుగా పట్టుకున్నప్పుడు, చనిపోయిన బందీలు 21 మంది అని సైన్యం మొదట చెప్పి తర్వాత 26 అంది, 33 మంది దాడిచేసినవారిని హతమార్చామంది. తాము 214 మంది సైనిక బందీలను చంపామని బీఎల్ఏ ప్రకటించింది. దీన్ని చదివే విద్యార్థి ఇస్లామాబాద్‌లోని పాక్ ఇన్‌స్టిట్యూట్ ఫర్ పీస్ స్టడీస్ వారి లెక్కలను కూడా పక్కన పెట్టుకోవాలి. సరిహద్దుకు అవతలి సంస్థ లెక్క అని పక్కన పెట్టేసే అలవాటు మన సెమినార్లలో కొంత ఉంది, అది పోవాలి.

ఇతర దేశాల్లో నడిచే ఇలాంటి సేవలతో పోలిస్తే ఎస్‌ఏటీపీ బలం, బలహీనత రెండూ స్పష్టమవుతాయి. మేరీలాండ్ విశ్వవిద్యాలయం వారి గ్లోబల్ టెర్రరిజం డేటాబేస్ 1970 నుంచి మొదలవుతుంది, కానీ ప్రభుత్వేతర శక్తులు చేసిన దాడులనే లెక్కిస్తుంది, కాబట్టి భద్రతా బలగాల ఆపరేషన్లు అందులో కనిపించవు. స్వీడన్‌లోని ఉప్సల విశ్వవిద్యాలయం లెక్కలు 1989 నుంచి ఉన్నాయి, నిర్వచనాలు కఠినం, ప్రతి ఘటనకూ స్థలం, కనిష్ఠ గరిష్ఠ అంచనాలు విడిగా ఉంటాయి. మృతుల సంఖ్యను ఒకే అంకెగా కాక ఒక పరిధిగా చెప్పే ఆ పద్ధతి నాకు ఎంతో నచ్చుతుంది, ఎస్‌ఏటీపీ కూడా అలా చేస్తే బాగుండును. సాయుధ ఘర్షణల ఘటనలను నమోదు చేసే మరో అంతర్జాతీయ సేవ ఏసీఎల్ఈడీ నిరసనలను, అల్లర్లను కూడా చేర్చుకుంటుంది. గణాంక పద్ధతులతో వ్యాసం రాసేవారు ఉప్సల లెక్కలతో మొదలుపెట్టడం మేలు. స్థానిక సంస్థల పేర్లు, చీలికలు, ఏరియా కమిటీలు, ఎవరు ఎప్పుడు లొంగిపోయారు అన్న సూక్ష్మ వివరాలకు మాత్రం ఆ విదేశీ సైట్లేవీ దీనికి సాటిరావు.

ఈ సంస్థ నుంచి 2002 నుంచీ వస్తున్న వారపత్రం సౌత్ ఏషియా ఇంటెలిజెన్స్ రివ్యూ గురించి క్లుప్తంగానే చెబుతాను. వ్యాసాలు చిన్నవి, ఘటనలతో కిక్కిరిసి ఉంటాయి, రచనాశైలి కొన్నిసార్లు పోలీసు నివేదికను తలపిస్తుంది. ఆ వారంలో ఏం జరిగిందో గుర్తుపెట్టుకోవడానికి పనికొస్తుంది. విశ్లేషణ కోసం అయితే ఒక్క దీన్నే నమ్ముకోకుండా, రక్షణ శాఖ నిధులతో నడిచే మనోహర్ పారికర్ ఇన్‌స్టిట్యూట్ వ్యాఖ్యలను, అక్కడి స్ట్రాటజిక్ అనాలిసిస్ పత్రికను జతచేసుకోవాలి. ఆ సంస్థ వెబ్‌సైటులో పాఠకులు ప్రశ్న పంపితే నిపుణులు జవాబు రాసే విభాగం ఒకటి ఉంది. సివిల్స్ అభ్యర్థులకు అది ఎంత మేలు చేస్తుందో కోచింగ్ కేంద్రాలు చెప్పవు.

ఇప్పుడు దౌత్యం వైపు. భద్రతా పరిశోధన దౌత్యవేత్త చేతిలో ఎప్పుడు ఆయుధమవుతుందో తెలియాలంటే ఐక్యరాజ్యసమితిలో ఉగ్రవాదుల ఆంక్షల జాబితాను చూసే 1267 కమిటీ పని తీరు చూడాలి. ఒక వ్యక్తినో సంస్థనో ఆ జాబితాలో చేర్చాలంటే అతని సంబంధాల మీద, చర్యల మీద ఆధారాలతో కూడిన పత్రం సమర్పించాలి, కమిటీలోని సభ్యదేశాలన్నీ ఒప్పుకోవాలి. జైష్-ఎ-మహమ్మద్ నాయకుడు మసూద్ అజర్ పేరు 2019 మే 1న ఆ జాబితాలోకి చేరేసరికి, చైనా అభ్యంతరాల వల్ల ఏళ్ల తరబడి ఆ ప్రయత్నం ఆగుతూ వచ్చింది. అప్పుడు న్యూయార్క్‌లో మన శాశ్వత ప్రతినిధి సయ్యద్ అక్బరుద్దీన్. హైదరాబాద్‌తో కుటుంబ అనుబంధమున్న ఆయన పదవీ విరమణ తర్వాత ఇదే నగరంలో గీతం వారి కౌటిల్య స్కూల్ ఆఫ్ పబ్లిక్ పాలసీకి డీన్‌గా వచ్చారు. 2025 ఏప్రిల్‌లో పహల్గాంలో 26 మందిని చంపిన దాడి తర్వాత కూడా ఇదే కథ మరో రూపంలో నడిచింది: ఆ దాడి తమదేనని మొదట ప్రకటించి తర్వాత వెనక్కి తగ్గిన ద రెసిస్టెన్స్ ఫ్రంట్ పేరు భద్రతామండలి పత్రికా ప్రకటనలో కనిపించలేదు, జులైలో అమెరికా ఆ సంస్థను విదేశీ ఉగ్రవాద సంస్థగా ప్రకటించింది. ఇలాంటి సంస్థ ఎప్పుడు పుట్టింది, ఏ పేరుతో ఏ బాధ్యత ప్రకటించి ఏది వెనక్కి తీసుకుంది, ఏ పాత సంస్థ మనుషులు ఇందులో ఉన్నారు అన్నది నిశ్శబ్దంగా నమోదు చేస్తూ పోయే పనికి విలువ అప్పుడు తెలుస్తుంది.

అయినా ఒక మాట చెప్పక తప్పదు. ఎస్‌ఏటీపీ చదివి ఐఎఫ్ఎస్ (విదేశాంగ సర్వీసు) మీద మోజు పెంచుకున్నవారికి ఆ ఉద్యోగం సగం మాత్రమే కనిపించినట్టు. సివిల్స్ ఫలితాల్లో ఐఎఫ్ఎస్‌కు కేటాయించిన స్థానాలు 2023 పరీక్షకు 37, 2024 పరీక్షకు 55. ఆ కొద్దిమందిలో ఒకరైతే, ముస్సోరీలో ఫౌండేషన్ కోర్సు, ఢిల్లీలో సుష్మా స్వరాజ్ ఇన్‌స్టిట్యూట్‌లో శిక్షణ, ఆపైన తప్పనిసరిగా ఒక విదేశీ భాష. మొదటి పోస్టింగులో చేతికొచ్చేది ఉగ్రవాద దస్త్రం కాకపోవచ్చు. వీసాలు, వాణిజ్య ప్రతినిధి బృందాలు, ప్రవాసుల సమావేశాలు కావచ్చు. గల్ఫ్‌లో పోస్టింగ్ అయితే నిజామాబాద్, జగిత్యాల, సిరిసిల్ల నుంచి వెళ్లిన కార్మికుల పాస్‌పోర్టులు యజమానుల దగ్గర చిక్కుకుపోవడం, చనిపోయినవారిని ఇంటికి పంపించడం రోజువారీ పని. నా దృష్టిలో దౌత్యంలో అంతకంటే గౌరవప్రదమైన పని తక్కువ. దానికి ఎస్‌ఏటీపీ ఏమాత్రం సాయపడదు. విదేశాంగ శాఖ వెబ్‌సైటులోని ఒప్పందాల నిధి, పార్లమెంటు ప్రశ్నల జవాబులు, వార్షిక నివేదికలు సాయపడతాయి. ఇంటర్వ్యూకు వెళ్లే అభ్యర్థి ఈ రెంటినీ సమంగా చదవాలి.

ఎస్‌ఏటీపీ పాత సైటులో ఉన్న ఒప్పందాల పాఠాలు మాత్రం దౌత్య అభ్యర్థికీ అక్కరకొస్తాయి. 1985 అస్సాం ఒప్పందం, 1986 మిజో ఒప్పందం, 1987 భారత్-శ్రీలంక ఒప్పందం వంటివి ఎంత పొట్టి పత్రాలో, వాటిలో ఒక్కో పదం ఎంత బరువు మోసిందో మూలపాఠం చదివితేనే అర్థమవుతుంది. గైడు పుస్తకాల్లోని అంశాలవారీ సారాంశం ఆ పని చేయదు.

పరిశోధన వైపు వెళ్లదలచినవారికి ఉద్యోగాల పరిస్థితి దాచకుండా చెప్పాలి. ఢిల్లీలో సంస్థలు చాలా ఉన్నాయి: మనోహర్ పారికర్ ఇన్‌స్టిట్యూట్, ఐసీడబ్ల్యూఏ (ఇండియన్ కౌన్సిల్ ఆఫ్ వరల్డ్ అఫైర్స్), ఓఆర్ఎఫ్ (అబ్జర్వర్ రీసెర్చ్ ఫౌండేషన్), వివేకానంద ఫౌండేషన్, త్రివిధ దళాలకు చేరువగా నడిచే క్లాస్ (సైన్యం), క్యాప్స్ (వైమానిక దళం), నేషనల్ మారిటైమ్ ఫౌండేషన్ (నౌకాదళం). వీటిలో కొత్తవారికి దొరికేవి ఎక్కువగా ఏడాది రెండేళ్ల కాంట్రాక్టు స్థానాలే, పై స్థానాల్లో విశ్రాంత సైనికాధికారులు, విశ్రాంత రాయబారులు బారులు తీరి ఉంటారు. నిధుల సంగతి ఇంకా అనిశ్చితం. 1973 నుంచి నడుస్తున్న సెంటర్ ఫర్ పాలసీ రీసెర్చ్‌కు విదేశీ నిధుల అనుమతిని 2023లో నిలిపివేసి, 2024 జనవరిలో రద్దు చేశాక, ఆ సంస్థలో పనిచేస్తున్న యువ పరిశోధకులు చాలామంది వేరే చోటు వెతుక్కోవాల్సి వచ్చింది. ఇల్లు గడిచే జీతం ఆశించి ఈ రంగంలోకి రావద్దని చెప్పేంత నిరాశావాదిని కాను కానీ, పీహెచ్‌డీ పూర్తయ్యేలోగా రెండో దారి ఒకటి సిద్ధంగా ఉంచుకోవాలి. విదేశాంగ శాఖ విధాన ప్రణాళిక, పరిశోధన విభాగంలో కాంట్రాక్టు సలహాదారులను తీసుకుంటోంది, అది ఒక దారి. చదువుకోవడానికి జేఎన్‌యూ ఒక్కటే దిక్కు అనుకోనక్కర్లేదు. తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో ఆగ్నేయాసియా, పసిఫిక్ అధ్యయన కేంద్రం ఉంది, హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం రాజనీతిశాస్త్ర విభాగం ఉంది.

రెండు దారులూ ఒక్కో ఇంట్లో కలవడమూ ఉంది. నేటి విదేశాంగ మంత్రి ఎస్. జైశంకర్ 1977లో ఐఎఫ్ఎస్‌లో చేరి, అంతర్జాతీయ సంబంధాల్లో జేఎన్‌యూ డాక్టరేట్ కూడా పొందినవారు. ఆయన తండ్రి కె. సుబ్రహ్మణ్యం ఐఏఎస్ అధికారిగా ఉంటూనే నేటి మనోహర్ పారికర్ ఇన్‌స్టిట్యూట్‌కు రెండు విడతలుగా సంచాలకుడిగా పనిచేసి మన దేశంలో వ్యూహాత్మక అధ్యయనానికి పునాది వేశారు. అందరికీ అలాంటి ఇల్లు దొరకదు. గ్రామీణ కళాశాలలో డిగ్రీ చదివిన విద్యార్థికి ఆ వాతావరణం ఇంట్లో అందదు. ఉచితంగా దొరికే మూలసామగ్రి అతనికి అందుకే ఎక్కువ విలువైనది. ఎస్‌ఏటీపీ పట్ల నాకున్న గౌరవంలో ఎక్కువ భాగం ఈ కారణం వల్లే.

కాబట్టి వాడాలనుకునేవారికి నా సూచన ఒకటే రకం. మీకు భాష తెలిసిన ఒక్క జిల్లాను తీసుకోండి, ములుగు కావచ్చు, అల్లూరి సీతారామరాజు జిల్లా కావచ్చు, ఒక ఏడాది ఎంచుకోండి. ఎస్‌ఏటీపీ ఘటనల వరుసను ఒక పక్క, అదే ఏడాది తెలుగు దినపత్రికల జిల్లా పుటలను మరో పక్క, హోం శాఖ నివేదికను మూడో పక్క పెట్టుకోండి. ఏ ఘటన ఎక్కడ లేదో, ఏ మృతుడు ఏ గడిలో పడ్డాడో, అంకె ఎందుకు మారిందో రెండు పేజీల్లో రాయండి. పట్టికను ఏ తేదీన చూశారో పాదసూచికలో తప్పక వేయండి, ఎందుకంటే అవి తాత్కాలికమని సంస్థ తానే చెబుతోంది. పరిశోధనా సహాయకుల ఉద్యోగాలకు రాత నమూనా అడిగినప్పుడు ఎంఏ ప్రాజెక్టులోని సాహిత్య సమీక్ష భాగం పంపేవారే ఎక్కువ. దానికి బదులు ఈ రెండు పేజీలు పంపండి.